నైరుతి మూల బరువు

మా మామయ్య లెక్కలో కంప్యూటర్ అంటే పొయ్యి. కరెంటు తాగుతుంది, వేడి కక్కుతుంది, కాబట్టి దాని చోటు ఆగ్నేయం. ఇక బరువైన సామాను ఏదైనా సరే నైరుతిలోనే ఉండాలి. ఆ మూల తేలికైతే ఇంట్లో చేపట్టిన పని ఏదీ నిలవదని ఆయన గట్టి నమ్మకం. కొత్తపేటలో మా అత్తారింటి మేడ మీద గదిని నా పని కోసం ఇచ్చినప్పుడు ఆయన పెట్టిన షరతు అదొక్కటే. యంత్రం ఆగ్నేయంలో, బరువు నైరుతిలో. ఆ గదిలో కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేశాక మళ్లీ టులెట్ బోర్డు పెట్టకుండా, నేను అడగకముందే తాళం చేతికిచ్చిన మనిషి ఆయన. అలాంటివాడితో మూలల గురించి పేచీ ఏం పెట్టుకుంటాను? సరేనని మాటిచ్చాను.

నేను వీడియో ఎడిటర్‌ని. పుట్టిల్లు హయత్‌నగర్. పెళ్లికి ముందు నుంచీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న స్టూడియోలో పనిచేశాను. కింద పిల్లలు పోటీ పరీక్షల పాఠాలు వల్లె వేస్తుంటే పైన నేను తలంబ్రాలు, అప్పగింతలు కోసి అతికించేదాన్ని. పెళ్లిళ్లతో పాటు చీరల షాపుల ప్రకటనలు, అప్పుడప్పుడు డాక్యుమెంటరీలు కూడా వచ్చేవి. అవన్నీ కూర్చి పెట్టేది నేను. చివర్లో ఎడిటింగ్ అన్న మాట కింద పడేది మాత్రం ఓనర్ పేరు. ఒకసారి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఇంకోసారి అడిగాను. టీ తెప్పించాడు. నాకు ముక్కు మీద కోపం. ఆ టీ తాగకుండానే లేచి, ఇక రానని చెప్పేశాను.

ఇంట్లో సొంత యంత్రం కట్టుకుని పని చేస్తానంటే ఓనర్ మళ్లీ నవ్వాడు. "ఇంట్ల బిగించుకున్న డబ్బాతోని డాక్యుమెంటరీలు చేస్తవా? గా డబ్బా పెండ్లి వీడియోకే ఆగమైతది," అన్నాడు. ఆ మాట మెట్లు దిగి మెట్రో స్టేషన్ దాకా నా వెంటే వచ్చింది.

డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. నేను నేర్చుకున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాక్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తుంది. మాక్‌ఓఎస్ తన కంపెనీ వాళ్ల యంత్రాల మీద మాత్రమే నడవాలని దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. అయితే బయట కొన్న విడిభాగాలతో యంత్రాన్ని కట్టి, ఇదీ నీ ఇల్లేనమ్మా అని దాన్ని బుజ్జగించి నడిపించే పిచ్చివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇంటర్నెట్ ఫోరాల్లో వాళ్ల కబుర్లు చదివీ చదివీ నేనూ ఆ పిచ్చిలో పడ్డాను. సికింద్రాబాద్ వెళ్లి బోర్డు, ప్రాసెసర్, క్యాబినెట్ తెచ్చుకున్నాను. అన్నీ నేల మీద పరుచుకుని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే మామయ్య స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చున్నారు.

మామయ్యది బెజవాడ వైపు. ఇక్కడికి వచ్చాక ఎల్బీనగర్ దాటి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా నడిపారు. కంపెనీ నుంచి వచ్చే లారీకి ఇంజనూ చక్రాలూ చట్రమూ తప్ప ఇంకేం ఉండవట. మిగతా ఒళ్లంతా షెడ్డులోనే కడతారు. కట్టినవాళ్ల పేరు వెనక తలుపు మీద పసుప్పచ్చ రంగుతో రాస్తారు. ఇప్పటికీ హైవే మీద ఏదైనా లారీ పోతుంటే ఆయన కళ్లు ముందు దాని వెనక్కే వెళ్తాయి. నా యంత్రాన్ని చాలాసేపు చూసి, "అంటే చాసిస్ కంపెనీది, బాడీ నువ్వు కడుతున్నావు. అంతేగా?" అన్నారు. నాలుగు ఫోరాలు చదివితే గానీ నాకు అర్థం కానిది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా అంతే కాకపోయినా అవునన్నాను.

యంత్రం నడిచింది. పెళ్లి వీడియోలు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు బాగానే చేశాను. అప్పుడు వచ్చింది ఒక అమ్మాయి.

ఆమె డాక్యుమెంటరీలు తీస్తుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ ఇక్కడి నుంచి తరలిపోయే ముందు నెలల తరబడి కెమెరా పట్టుకుని ఆ హమాలీల వెంటే తిరిగింది. స్టూడియోలో ఉన్నప్పుడు నా పని చూసిన మనిషి, అది చేసేదెవరో తెలిసిన మనిషి. ఆ సినిమాను నేనే ఎడిట్ చేయాలని, పేరు కూడా నాదే వేస్తానని చెప్పింది. అయితే తీసిందంతా ఒక ఇనుప డిస్కు పెట్టెలో ఉంది. దానికి ఉన్న ద్వారం థండర్‌బోల్ట్ ఒక్కటే. పేరుకు తగ్గట్టు పిడుగు లాంటి వేగంతో బొమ్మల్ని మోసే ఏర్పాటది. నా యంత్రానికి ఆ ద్వారం లేదు. మా చుట్టుపక్కల అది ఉన్నది నేను వదిలేసి వచ్చిన స్టూడియోలోనే. ఆమె మొహమాటం లేకుండా అసలు సంగతి చెప్పింది. పెట్టె నా దగ్గర వదిలి వెళ్తుంది. ఆదివారం వచ్చి చూస్తుంది. అప్పటికి బొమ్మ ఆడితే సినిమా నాది. ఆడకపోతే స్టూడియోకి ఇవ్వక తప్పదు, వచ్చే పండగకు ముందే సినిమా పూర్తి కావాలి. అదీ న్యాయమే.

సోమవారం పెట్టె వచ్చింది. రుబ్బురోలంత బరువుంది. మామయ్య, మా ఆయన చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించారు. మామయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు నైరుతికి తగిన వస్తువు దొరికింది మరి. తిన్నగా ఆ మూలకు తీసుకెళ్లి దించి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. యంత్రం ఆగ్నేయంలో, పెట్టె నైరుతిలో, మధ్యలో దక్షిణం గోడ పొడుగంతా ఖాళీ. పెట్టెతో వచ్చిన వైరు అంత దూరం అందదు. దాన్ని సంచిలోనే వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాండ్ దగ్గర ఫోన్ల సామాను అమ్మే కొట్లో పొడవాటి వైరు కొన్నాను. ఇది నా పనికి సరిపోతుందా అని అడిగితే కొట్టతను అన్నీ ఒకటే మేడమ్ అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్ తగిలించి చూస్తే ఫొటోలు చక్కగా వచ్చాయి. ఇంకేం అనుమానం ఉంటుంది? గోడ వెంట క్లిప్పులు కొట్టి వైరును ఎక్కడా వంకర లేకుండా లాగాను. ఇంత నీటుగా మా షెడ్డులో కూడా వైరింగ్ చేయలేదని మామయ్య మెచ్చుకున్నారు.

ఇక కార్డు. థండర్‌బోల్ట్ ద్వారం లేని యంత్రానికి దాన్ని తెచ్చిపెట్టే కార్డు ఒకటి దొరుకుతుంది. అది తెచ్చి, బోర్డు మీద సందులో దింపి, దాని చిన్న తీగ బోర్డుకు కలిపాను. యంత్రం లేచాక మాక్‌ఓఎస్‌ను అడిగితే థండర్‌బోల్ట్ అనే వస్తువే కనబడలేదంది. ఫోరాల్లోకి వెళ్లాను. ఒకాయన ఈ మీట తిప్పమంటాడు, ఇంకొకాయన అది మాత్రం ముట్టుకోవద్దంటాడు, మూడో ఆయన నాకు మొదటిసారే పని చేసిందని చెప్పి మాయమవుతాడు. యంత్రం నిద్ర లేచేటప్పుడు చూసుకునే సెట్టింగులన్నీ ఒక్కొక్కటే మార్చి చూశాను. అది ఉలకలేదు, పలకలేదు.

చివరికి తేలిందేమిటంటే, కార్డు మీద గోరంత చిప్పు ఉంటుంది. తానెవరో, ఎలా మాట్లాడాలో కార్డుకు చెప్పేది అదే. ఆ చిప్పులో రాసి ఉన్నది చెరిపి, మాక్‌ఓఎస్‌కు అర్థమయ్యే రాత రాయాలి. అందుకో చిన్న పరికరం ఉంది, దాని కొసన బట్టల క్లిప్పు లాంటిది. చిప్పు కాళ్లను అది సరిగ్గా కరవాలి. కొంచెం పక్కకు జరిగినా రాత తప్పుతుంది, కార్డు పనికిరాకుండా పోతుంది. బుధవారం పొద్దున, తూర్పు కిటికీ దగ్గర, ఊపిరి బిగబట్టి ఆ క్లిప్పు పెట్టాను. ముందు పాత రాతను దాచుకున్నాను. కొత్తది రాశాను. రాసింది రాసినట్టే పడిందో లేదో మళ్లీ చదివించి పోల్చాను. కార్డు తిరిగి బిగించి, గోడ ప్లగ్గు పీకి, యంత్రం పాత సంగతులన్నీ మర్చిపోయేదాకా ఆగి, స్విచ్ వేశాను. రెండు రోజులుగా ఏమీ లేదన్న చోట థండర్‌బోల్ట్ అని వరస కనబడింది. నేను పెట్టిన కేకకు మామయ్య మోకాళ్ల సంగతి మర్చిపోయి పైకి పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా, షాక్ కొట్టిందా?"

కాదు, కార్డు పలికిందని చెప్పాను. ఆయనకు సగమే అర్థమైంది గానీ నాతో పాటు నవ్వారు.

కార్డు పలికింది. పెట్టె పలకలేదు. డెస్క్‌టాప్ మీద దాని బొమ్మ రావాలి, రాలేదు. ముందు పెట్టె వేసి తర్వాత యంత్రం వేశాను. ముందు యంత్రం వేసి తర్వాత పెట్టె వేశాను. రెండూ ఒకేసారి వేశాను. అనుమానమంతా నా చేతిరాత మీదికే పోయింది. చిప్పు మళ్లీ రాశాను. కార్డు ఇంకో సందులోకి మార్చాను. గురువారం మొత్తం అలాగే గడిచింది. శుక్రవారం ఇంట్లో వంట మా ఆయన చేశాడు, నేను ఏం తిన్నానో కూడా గుర్తు లేదు. గది మధ్యలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అదే సాయంత్రం స్టూడియో ఓనర్ ఫోన్ చేశాడు. పెట్టె నా దగ్గర ఉందని ఎట్లనో తెలిసిందట. పరేషాన్ కావద్దు, ఆదివారం దాకా ఎందుకు, పంపిస్తే తన దగ్గర తెరిచి పెడతానని ఎంతో ప్రేమగా అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. బాధతో కాదు, ఒళ్లు మండి. యంత్రం ఓడిపోతే ఓడిపోనీ, ఇంకో పేరు కింద నా పని మళ్లీ పోవడం మాత్రం భరించలేననిపించింది.

శనివారం పొద్దున మామయ్య రైతుబజారుకు వెళ్లారు. మా ఆయన ఆఫీసుకు వెళ్లాడు. పెట్టెను సర్దేద్దామని దాని సంచి తెరిచాను. ఆశ వదులుకున్నానని కాదు, చేతులు ఊరికే ఉండలేక. సంచి అడుగున పెట్టెతో వచ్చిన వైరు చుట్ట చుట్టుకుని పడుంది. మూరెడుంటుంది. తీసి పక్కన పెట్టబోతుంటే దాని మూతి మీద చిన్న మెరుపు గుర్తు కనబడింది. గోడ దగ్గరికి వెళ్లి నేను లాగిన పొడవాటి వైరు మూతి చూశాను. నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు.

అక్కడే నేల మీద కూలబడ్డాను. రెంటి మూతీ ఒకటే, పెట్టెలో ఒకేలా దిగుతాయి. కానీ పొడవాటిది ఫోన్ ఛార్జింగ్ వైరు. ఫొటోలు మోయగలదు, పిడుగును మోయలేదు. అంత వేగం మోసే వైరు లోపల వేరే తీగలుంటాయి, వేరే తెలివి ఉంటుంది, మామూలు రకమైతే పొట్టిగానే ఉండాలి. పొడుగువి కూడా ఉన్నాయి గానీ అవి తెప్పించాలంటే వారాలు పడుతుంది. ఇవన్నీ ఏదో ఒక రోజు చదివినవే. చిప్పు కాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న దాన్ని, గోడ పొడుగునా అందంగా లాగిన వైరును మాత్రం ఒక్కసారి అనుమానించలేదు. ప్రపంచంలో ఇంకెవరి యంత్రానికీ ఈ జబ్బు వచ్చి ఉండదు. ఏ ఫోరంలోనూ దీనికి మందు లేదు, ఎందుకంటే వాళ్లెవరికీ నైరుతి లేదు.

పాత దుప్పటి పరిచి, పెట్టెను దాని మీదికి దొర్లించి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చాను. నడుం పట్టేసింది. ఆగ్నేయంలో యంత్రం పక్కనే నిలబెట్టి, మూరెడు వైరు తగిలించి, రెండూ వేశాను. లోపల డిస్కులు గుర్రుమని తిరిగాయి. డెస్క్‌టాప్ మీద బొమ్మ వచ్చింది. నొక్కాను. తెరంతా బత్తాయి రాశులు. వరిగడ్డి తొక్కుకుంటూ తట్ట నెత్తిన పెట్టుకుని ఒక హమాలీ కెమెరా వైపు చూసి నవ్వుకుంటూ పోయాడు. ఎక్కడా ఆగలేదు, వణకలేదు. మూడు వీడియోలు పక్కపక్కన పెట్టి ఒకేసారి ఆడించాను. అవీ నడిచాయి. ఈ కార్డు నేను బిగించింది. దాని చిప్పు నేను రాసింది. తప్పు నేనే చేశాను, నేనే పట్టుకున్నాను. నా జీవితంలో అంత గర్వం నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు.

కింద గేటు చప్పుడైంది.

పెట్టెను మళ్లీ నైరుతిలోకి ఈడ్చి, రేపు ఆమె వచ్చే వేళకు గుట్టుగా తెచ్చుకోవచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ గెలిచిన పనిని దొంగ సొమ్ములా దాచుకోవడం నా వల్ల కాదు. అలాగే కూర్చున్నాను. మామయ్య కూరగాయల సంచి చేతిలో పట్టుకునే పైకి వచ్చారు. ముందు నైరుతి మూల చూశారు. అక్కడ పసుపు అంటిన నేల తప్ప ఏమీ లేదు.

"నైరుతి బోసిపోయిందేంటమ్మా?"

నాకు కోపం వచ్చినా భయం వేసినా పుట్టింటి మాటే వస్తుంది. "మామయ్యా, గీ వైరు మూరెడే ఉన్నది. గింతకన్న పొడుగుది పని చెయ్యది. మీకు మాటిచ్చిన, తప్పిన. రేపు ఆమె వచ్చి చూసి పొయ్యేదాంక నన్నేం అనకుండ్రి. ఆ తర్వాత గది ఖాళీ చెయ్యమంటే చేస్త," అన్నాను.

ఆయన సంచి కింద పెట్టి తెర ముందుకు వచ్చి నిలబడ్డారు. బత్తాయిలు, గడ్డి, వేలం పాట, వరసగా ఆగిన లారీలు. ఒక లారీ వెనక్కి తిరిగినప్పుడు ఆయన కొంచెం ముందుకు వంగారు. ఆ తలుపు మీద పేరు ఏ షెడ్డుదో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు. మొన్న కార్డు పలికిందన్నావు కదా, దాని పనేనా ఇది అని అడిగారు. దాని పనేనన్నాను. చిప్పు కూడా నేనే రాశానన్నాను. తల ఊపి, సంచి అక్కడే వదిలేసి కిందికి దిగిపోయారు. తిట్టినా బాగుండుననిపించింది.

కాసేపటికి మెట్ల మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు, వెనకే నన్ను పిలుస్తున్న కేక. వెళ్లి చూస్తే ఆయన షెడ్డు కుర్చీ. లారీ డ్రైవర్ సీటును ఇనుప చట్రం మీద బిగించి ఆయనే చేసుకున్నది. షెడ్డు మూసినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. నలుగురు మోయాల్సిన కుర్చీని ఆయన ఒక్కరే సగం మెట్లు ఎక్కించారు. మిగతా సగం ఇద్దరం మోశాం. గదిలోకి తెచ్చాక తిన్నగా నైరుతి మూలకు ఈడ్చి, గోడకు ఆనించి, రొప్పుకుంటూ దాంట్లో కూర్చున్నారు. మామయ్య పల్చని మనిషేం కాదు. సీటు కిర్రుమంది.

"నైరుతిలో బరువుండాలన్నాను గానీ, అది డబ్బానే కావాలని ఎక్కడుంది?" అన్నారు. "నేనున్నాగా. నువ్వు పని చూసుకో."

తెర వైపు తిరిగి పని చేస్తున్నట్టు నటించాను.

ఆదివారం పొద్దున తలంటుకుని పైకి వెళ్లేసరికి గదంతా ఎనామిల్ పెయింటు వాసన. మామయ్య నా యంత్రం ముందు స్టూలేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, సన్నని కుంచెతో క్యాబినెట్ పక్క రేకు మీద ఏదో రాస్తున్నారు. ఫ్యాన్ల సందుల్లోకి రంగు పోతుందేమోనని అరవబోయి, దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. రంధ్రాలున్న చోట్లన్నీ ఆయన ముందే కాగితాలతో మూసేశారు. నల్లటి రేకు మీద పసుప్పచ్చ అక్షరాలు, లారీ వెనక రాసేంత లావుగా, నా పేరు. అందమంటే అందమైన రాత కాదు. చెయ్యి వణికిన చోట గీత కొంచెం ఉబ్బింది. కట్టినవాళ్ల పేరు లేకుండా మా షెడ్డు నుంచి బండి బయటికి పోయేది కాదని చెప్పి, కుంచె కడుక్కోవడానికి కిందికి వెళ్లారు.

పదకొండు గంటలు దాటాక ఆ అమ్మాయి వచ్చింది. నేను బొమ్మ ఆడించాను. తాను తీసిన హమాలీలను చూస్తూ తెరకు దగ్గరగా జరిగింది. మూడు వీడియోలు పక్కపక్కన పెట్టి, అడిగిన చోట కోసి, అడిగిన చోట అతికించి చూపించాను. నా డబ్బా ఒక్కసారి కూడా తడబడలేదు. నైరుతి మూలలో మామయ్య లారీ సీటులో నిటారుగా కూర్చుని, తనకేమీ పట్టనట్టు పేపరు చదువుతున్నారు. అంతసేపూ పేజీ తిప్పలేదు.

"అక్కా, ఇగ ఇది నీ దగ్గర్నే ఉంటది," అంది ఆ అమ్మాయి.

తర్వాత ఇంత పని చేసిన కార్డు ఎక్కడుందో చూస్తానని లేచింది. క్యాబినెట్ వెనక్కి తొంగి చూడడానికి, పక్క రేకు మీద చెయ్యి ఆనించబోయింది. మామయ్య చేతిలో పేపరు కింద పడింది.

"చూసుకోమ్మా, పేరింకా ఆరలేదు," అన్నారు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి, ఆ పసుప్పచ్చ అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివింది.